అశోక్‌నగర్ హాస్టల్లో ఉన్న మా మేనకోడలికి

బిడ్డా,

ఫోన్లో నువ్వు చెప్పిన మాటలే రెండ్రోజులుగా మనసులో తిరుగుతున్నాయి. పొద్దున లేవబుద్ధి కావడం లేదు, లేచి పుస్తకం ముందు కూర్చున్నా పేజీ తిరగదు, రాత్రి మాత్రం రెండింటిదాకా నిద్ర పట్టదు, రిజల్ట్ వచ్చేదాకా ఇంతేలే అత్తమ్మా అన్నావు. ఆ చివరి మాట మాత్రం నేను ఒప్పుకోను. నోటిఫికేషన్, పరీక్ష, కీ, కోర్టు కేసు, మెరిట్ లిస్టు, వీటిల్లో ఏదీ నీ చేతిలో లేదు. నీ సంతోషాన్ని తీసుకెళ్లి ఆ తేదీకి ముడిపెట్టావనుకో, తేదీ వెనక్కి జరిగిన ప్రతిసారీ నువ్వూ కుంగిపోవాలి. సర్కారు ఉద్యోగం వచ్చాక బతుకుదాంలే అనుకునే పిల్లలు ఆ చుట్టుపక్కల గల్లీల్లో ఎంతమంది ఉన్నారో నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వు ఈ రోజు నుంచే బతకాలి, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నా ఉద్యోగమంతా దవాఖానాలోనే గడిచింది కదా. పేషెంటు కోలుకుంటోందని మాకు రిపోర్టుల కంటే ముందు చిన్న చిన్న వాటిలో తెలిసేది, తల దువ్వుకుంటుంది, కిటికీ తెరవమంటుంది, పక్క మంచం ఆవిడ పేరు అడుగుతుంది. అందుకే లేవనని మొండికేసిన వాళ్లని కూడా "లే అమ్మా, మొహం కడుక్కుని వరండాలో నాలుగడుగులు వెయ్యి" అని బతిమాలేవాళ్లం. ఓపిక వచ్చాక నడుస్తామని పడుకున్నవాళ్లకి ఓపిక రాలేదు, నడవడం మొదలుపెట్టాకే వచ్చింది. మనసుకీ ఇదే వర్తిస్తుంది. 1970లలో పీటర్ లెవిన్‌సన్ అనే అమెరికా సైకాలజిస్టు గట్టిగా చెప్పిన విషయం ఇదే. దిగులు పడ్డ మనిషి ఒక్కో పనీ మానేస్తూ వస్తాడు, మానేసిన కొద్దీ మనసుకి కాస్త హాయినిచ్చేవి తగ్గిపోతాయి, అవి తగ్గేసరికి దిగులు ఇంకా పెరుగుతుంది. కాబట్టి మూడ్ బాగయ్యేదాకా ఆగకుండా ముందు చిన్న పని చెయ్యాలి, మూడ్ మెల్లిగా దాని వెనక వస్తుంది.

మొదటిది లేచే టైము. ఎన్నింటికి పడుకున్నావన్నది వదిలెయ్, లేచేది మాత్రం రోజూ ఒకే టైముకి, ఆరున్నర అనుకుందాం, ఆదివారం కూడా అంతే. మొదటి నాలుగైదు రోజులు కళ్లు మండుతాయి, పగలు మత్తుగా ఉంటుంది, అయినా మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని ఆ లోటు పూడ్చుకోవాలని చూడకు, రాత్రి త్వరగా నిద్ర పట్టాలంటే ఆ అలసట ఉండాల్సిందే. లేవగానే వెలుతురులోకి రా. మీ గదికి కిటికీ ఉన్నా అది పక్క బిల్డింగ్ గోడ వైపే కదా తెరుచుకునేది. గదిలో ట్యూబ్‌లైట్ వెలుతురు మహా అయితే కొన్ని వందల లక్సులు (వెలుతురుని కొలిచే లెక్క), మబ్బు పట్టిన రోజు కూడా బయట వేలల్లో ఉంటుంది, నిద్రనీ మెలకువనీ నడిపే ఒంట్లో గడియారం సర్దుకునేది ఆ వెలుతురుతోనే. పొద్దున కళ్లకి వెలుతురు తగిలితే రాత్రి నిద్ర కూడా త్వరగా వస్తుంది, రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

ఇందిరా పార్కు నీకు నడిచే దూరమే. ఇరవై నిమిషాలు చాలు, చెమట పట్టాలని లేదు. ఒక్కటే షరతు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు, కరెంట్ అఫైర్స్ ఆడియో అసలే వద్దు. ఆ ఇరవై నిమిషాలు చదువుకి పనికొచ్చేలా వాడుకుందామనే ఆలోచన వస్తుంది చూడు, దాన్ని రానివ్వకు. పాదం నేలకి ఎలా ఆనుతోందో చూసుకుంటూ నడువు, గాలి చల్లగా ఉందా ఉక్కగా ఉందా, ఏ చెట్టు దగ్గర ఏ పిట్ట అరుస్తోంది, రోజూ కనిపించే ముసలాయన ఇవ్వాళ వచ్చాడా లేదా, ఇలాంటివి గమనించు. మనసు కట్ ఆఫ్ మార్కుల దగ్గరికి పరిగెత్తుతుంది, పోనీ, గుర్తొచ్చినప్పుడు మళ్లీ పాదం మీదికి తీసుకురా. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు తీసుకురావడమే ఇందులో చెయ్యాల్సిన పని. ఆలోచనలే రాకూడదనుకుంటే మాత్రం ఇంకో టెన్షన్ నెత్తిన పెట్టుకున్నట్టే.

2010లో హార్వర్డ్ పరిశోధకులు ఇద్దరు రెండు వేల మందికి పైగా మనుషుల్ని ఫోన్ల ద్వారా ఏ టైములో పడితే ఆ టైములో అడిగారు, ఇప్పుడు ఏం చేస్తున్నావు, మనసు చేసే పని మీదే ఉందా, ఎలా ఉన్నావు అని. దాదాపు 47 శాతం సార్లు మనసు చేసే పని మీద లేదు. లేనప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు. ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకో, మంచి విషయాల మీదికి మనసు పోయిన వాళ్లు కూడా చేస్తున్న పని మీదే ధ్యాస ఉన్నవాళ్లకంటే ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. ఆర్డీవో అయినట్టు కలలు కంటూ అన్నం తింటే ఆ కలా దక్కదు, అన్నం రుచీ తెలియదు.

అందుకని రోజుకి ఒక్క చాయ్ పూర్తిగా తాగు. లైబ్రరీకి పోయే ముందు బండి దగ్గర తాగుతావు కదా, అదే. ఫోన్ బ్యాగులో పెట్టెయ్, గ్లాసు వేడి వేళ్లకి తగలనీ, అల్లం వాసన చూడు, మొదటి గుక్క గొంతులోకి దిగేదాకా దానితోనే ఉండు. అమెరికాలో జాన్ కబాట్ జిన్ 1979లో మసాచుసెట్స్ మెడికల్ స్కూల్లో ఇలాంటి సాధన మొదలుపెట్టాడు, ఏళ్ల తరబడి నొప్పులతో బాధపడే పేషెంట్ల కోసం. ఆ క్లాసుల్లో ఒక్క ఎండుద్రాక్ష చేతిలో పెట్టి, చూసి, వాసన పీల్చి, మెల్లగా నమలమంటారు. మనకి ఎండుద్రాక్షే కావాలని లేదు, చిక్కడపల్లిలో చాయ్ ఉండగా. సాయంత్రం చాయ్ మాత్రం నాలుగు దాటాక వద్దు బిడ్డా. చాయ్‌లో నిద్రని ఆపేది కెఫీన్, మామూలుగా ఒంట్లోకి పోయాక అది సగం కావడానికే అయిదారు గంటలు పడుతుంది, రాత్రి తొమ్మిదింటికి ఫ్లాస్కులోంచి పోసుకుని తాగి రెండింటికి నిద్ర రాలేదంటే ఎలా వస్తుంది?

ఇక ఫోన్. పొద్దున లేచాక మొదటి అరగంట, రాత్రి పడుకునే ముందు గంట, దాని మొహం చూడొద్దు. అలారం కోసం కావాలంటావు, కోఠీలో చిన్న గడియారం కొనుక్కో, డబ్బులు నేనిస్తాను. ముఖ్యంగా ఆ టెలిగ్రామ్ గ్రూపులు. రాత్రి పదకొండింటికి ఎవరో "రేపే లిస్టు అంట" అని పెడతారు, అది నిజమా కాదా అని గంటసేపు తిరగేస్తావు, చివరికి ఏమీ ఉండదు, నిద్ర చెడిందే మిగులుతుంది. నిజంగా లిస్టు వస్తే కమిషన్ వెబ్‌సైట్లో పెడతారు, పొద్దున చూసినా నీ నంబరు అదే.

లైబ్రరీలో కుర్చీలో కూర్చోగానే పుస్తకం తెరవకు. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు, అలా రెండు నిమిషాలు. వదిలే ఊపిరి నిదానమైతే గుండె వేగం తగ్గుతుంది.

మధ్యాహ్నం అన్నం ఒక్కదానివే గదిలో మంచం మీద కూర్చుని తినకు. రూమ్మేట్‌తోనో లైబ్రరీలో పరిచయమైన అమ్మాయితోనో కలిసి తిను, పరీక్షల ఊసు తేకుండా. మీ అమ్మకి ఫోన్ చెయ్యడం తగ్గించావని చెప్పింది. చెప్పడానికి ఏమీ లేదని చెయ్యడం లేదని నాకు తెలుసు, తనకి రిజల్టేమీ వద్దు, ఏం కూర తిన్నావో చెప్పు చాలు, పది నిమిషాలు తనే మాట్లాడుతుంది.

ఇవన్నీ రేపే మొదలుపెట్టకు, నీ సంగతి నాకు తెలుసు, టైంటేబుల్ గీసి రంగులు వేసి మూడో రోజు మానేస్తావు. ముందు లేచే టైము, నడక, ఈ రెండే. అవి కుదురుకున్నాక చాయ్, తర్వాత ఫోన్. లండన్‌లో 96 మంది మీద చేసిన ఒక పరిశోధనలో కొత్త అలవాటు దానంతటది జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 దాకా అని లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి వాన పడి నడక పోయిందనుకో, మర్నాడు వెళ్లు, అంతా పోయిందని ఏడవకు.

ఇప్పుడు నర్సుగా చెప్పే మాట. రెండు వారాల పాటు రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉండి, దేని మీదా ఇష్టం లేకపోయి, తిండీ నిద్రా చెడిపోతే అది చాయ్‌తోనో నడకతోనో ఒక్కటే తగ్గేది కాదు, డాక్టరుకి చూపించుకోవాలి. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకు. అర్ధరాత్రి అయినా నన్ను లేపు, లేదంటే 14416కి చెయ్యి. అది ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం పెట్టిన ఫోన్ లైను, డబ్బులు అక్కర్లేదు, ఏ వేళలోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. జ్వరమొస్తే చూపించుకోవడానికి సిగ్గుపడం, దీనికీ పడకూడదు.

ఇంకొకటి. ఆడపిల్లల్లో రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా అచ్చం ఇలాగే నీరసం, విసుగు, ఏమీ చెయ్యబుద్ధి కాకపోవడం ఉంటాయి. ఈ శనివారం లోపు హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, విటమిన్ డీ పరీక్షలు చేయించుకో. ఆ రిపోర్టులు నాకు వాట్సాప్ చెయ్యి, చూసి ఏ డాక్టరు దగ్గరికి పోవాలో చెప్తాను.

నీ అత్తమ్మ