పాత పికప్‌కు గేర్ ఆయిల్ మార్చవచ్చా?

ప్రశ్న: 2,80,000 కిలోమీటర్లు తిరిగిన పికప్ కొన్నాను. నల్గొండ నుంచి బాటసింగారం మార్కెట్‌కు బత్తాయి లోడు వేస్తాను. పొద్దున్నే రెండో గేరు గరగరమంటోంది. పాత ఆయిల్‌ను కదిలిస్తే గేర్‌బాక్స్ పాడవుతుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఆ భయం ఆటోమేటిక్ బండ్లది. అరిగిన క్లచ్ పలకలు కొత్త ఆయిల్‌లో జారుతాయని అంటుంటారు. మీది చేత్తో గేర్లు వేసే బండి. ధైర్యంగా మార్చండి.

మిర్యాలగూడలో ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నా మాట ఒకటి గుర్తుంచుకోండి: ముందు ఆయిల్ పోసే పై బోల్టు విప్పండి, ఆ తర్వాతే పాత ఆయిల్ దించే కింది బోల్టు. ఒకసారి నేను తొందరపడి కిందిది విప్పేశాను. పాత ఆయిల్ కారిపోయింది, పైది తుప్పు పట్టి కదల్లేదు, కొత్తది పోసే దారి లేదు. ఒక రైతు వడ్ల లోడు రోజంతా ఆగిపోయింది. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

బండిని పది కిలోమీటర్లు నడిపి, చదునైన చోట ఆపి, వెచ్చగా ఉండగానే ఆయిల్‌ను దించండి. కింది బోల్టుకు అయస్కాంతం ఉంటే చూడండి. మెత్తటి నల్లటి ముద్ద సహజమే. ఇనుప ముక్కలు కనిపిస్తే మాత్రం బాక్సు విప్పించాలి.

బండి పుస్తకంలో రాసిన ఆయిలే కొనండి. జీఎల్-4 రకం ఆయిల్ అని ఉంటే జీఎల్-5 రకం పోయకండి. అందులోని గంధకపు రసాయనాలు గేరు సాఫీగా పడేలా చేసే లోపలి ఇత్తడి రింగులను తినేయవచ్చు. పై రంధ్రం అంచుదాకా నింపితే చాలు.

మార్చాక కూడా గరగర తగ్గకపోతే, ఆ రింగులను అనుమానించే ముందు క్లచ్ పూర్తిగా విడుస్తోందో లేదో చూపించండి.