ఫైబర్ పడవ పాతబడితే ఎక్కడ పారేయాలి?

ప్రశ్న: సార్, చెన్నై అంబత్తూరులో మాది చిన్న ఫైబర్ వర్క్‌షాప్. నీళ్ల ట్యాంకులు, కాశిమేడు జాలర్లకి పడవలు చేస్తుంటాం. కోసేసిన అంచులు, పాత పడవల ముక్కలు షెడ్డు వెనక గుట్టపడ్డాయి, పాత సామాన్ల వాళ్లు ముట్టుకోవడం లేదు. ఈ మధ్య ఎవరో వచ్చి రీసైకిల్ అయ్యే రెజిన్ ఉందన్నారు. దానితో చేస్తే పడవ ఉప్పునీళ్లలో నిలుస్తుందా? - ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: వాళ్లు ముట్టుకోకపోవడంలో వింతేం లేదండీ, అందులో అమ్ముకోడానికి ఏమీ ఉండదు. ఫైబర్ అంటే గాజు దారాల్ని రెజిన్ అనే జిగురులో తడిపి గట్టిపరిచిందే. మీరు వాడే పాలిస్టర్ రెజిన్‌లో హార్డ్‌నర్ కలిపాక అణువుల గొలుసులు ఒకదానికొకటి ముడిపడిపోతాయి, ఇడ్లీ ఉడికాక మళ్లీ పిండి కానట్టే అది మళ్లీ కరగదు, మాడుతుంది. పోనీ రెజిన్ కాల్చేసి దారమైనా తీసుకుందామంటే, గాజు దారం 450 డిగ్రీలు దాటితే సగం బలం పోగొట్టుకుంటుంది. కార్బన్ ఫైబర్ ఆ వేడికి తట్టుకుంటుంది, ఖరీదు కూడా ఎక్కువ కాబట్టి దాన్ని వెనక్కి తీసే పని గిట్టుబాటవుతుంది. మన గాజుకి ఆ యోగం లేదు. 2004 సునామీ తర్వాత మన తీరమంతా ఫైబర్ పడవలు నిండిపోయాయి, అవి పాతబడ్డాక ఏంటన్నది అప్పుడెవరికి పట్టింది?

మీ గుట్టకి ఇప్పుడున్న మంచి దారి సిమెంట్ బట్టీ. రెజిన్ ఇంధనంగా మండుతుంది, గాజులోని సిలికా, కాల్షియం, అల్యూమినా సిమెంట్‌లోకే పోతాయి. యూరప్‌లో పాత గాలిమర రెక్కల్ని ఇలా వాడుతున్నారు. కాలుష్య నియంత్రణ మండలిలో అడిగి, అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వండి, షెడ్డు వెనక మాత్రం తగలబెట్టొద్దు.

ఇక కొత్త రెజిన్ సంగతి. ఆ వచ్చినాయన్ని ఒకే ఒక్క మాట అడగండి: ఇది దేనికి విడిపోతుంది? రీసైకిల్ అవ్వాలంటే ఎక్కడో ఒకచోట విడిపోవాలి, ఆ విడిపోయే పరిస్థితి పడవకి పనిలో ఎదురుకాకూడదు, డిజైనంతా ఇక్కడే ఉంది. సీమెన్స్ గమేసా 2021లో తెచ్చిన గాలిమర రెక్కలో రెజిన్ వేడి చేసిన పలచటి యాసిడ్‌లో విడిపోతుంది, వానలో విడిపోదు. ఆర్కెమా వాళ్ల ఎలియం ఇంకో రకం, అది యాక్రిలిక్: ద్రవంగా పోస్తే మామూలు వేడిలోనే గట్టిపడుతుంది, తర్వాత బాగా వేడి చేస్తే మళ్లీ మొదటి ద్రవంగా మారుతుంది. బాగుంది కదా? కానీ యాక్రిలిక్‌కి ఎసిటోన్ పడదు. మీ కుర్రాళ్లు రోలర్లు, బ్రష్‌లు కడిగేది దానితోనే, అదే గుడ్డతో పడవ ఒళ్లు కూడా తుడిచేశారంటే అక్కడ పైపొర మెత్తబడుతుంది. పైగా ధర ఎక్కువ. ముందు చిన్న హాచ్ మూతలు (పడవ పైభాగంలోని ద్వారాలకి వేసేవి) చేసి కొన్నాళ్లు ఉప్పునీళ్లలో ఉంచి చూడండి, పడవ తర్వాత.

అసలు నన్నడిగితే రీసైక్లింగ్ కంటే ముందు పడవ ఆయుష్షు పెంచుకోవడమే లాభం. కోసిన అంచు దగ్గరికి కళ్లు పెట్టి చూడండి, దారాల కొసలు తెల్లగా బయటికి కనిపిస్తుంటాయి. వాటి వెంట నీళ్లు లోపలికి పాకుతాయి, కాలక్రమంలో రెజిన్ దారాన్ని వదిలేస్తుంది. రంధ్రం వేసిన ప్రతిచోటా అంతే. కోసిన వెంటనే, డ్రిల్ చేసిన వెంటనే రెజిన్ పూసి మూసేయండి. జెల్‌కోట్ (పడవ పైనుండే నున్నటి పూత) వెనక పొరకి మామూలు రెజిన్ బదులు నీళ్లకి బాగా తట్టుకునే ఐసో పాలిస్టర్ గానీ వినైల్ ఎస్టర్ రెజిన్ గానీ వాడితే బొబ్బలు బాగా తగ్గుతాయి. ఇంజిన్ బిగించే ఇనుప పలకల్ని లోపల పాతిపెట్టకుండా బోల్టులతో బిగిస్తే, రేపు పడవ విప్పేటప్పుడు గ్రైండర్‌తో కుస్తీ తప్పుతుంది.

ప్రశ్న: గాజు బదులు జనపనార వాడితే సరిపోతుంది కదా? - ఒక విద్యార్థిని, తాంబరం

జవాబు: కారు తలుపు లోపలి ప్యానెల్‌కి సరే, చాలా కార్లలో నార వాడుతున్నారు కూడా. పడవకి వద్దమ్మా, నార నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఇంకోటి, నార మట్టిలో కలిసినా దాని చుట్టూ పోసింది అదే పాలిస్టర్ అయితే అది కలవదు. మీ ప్రాజెక్టుకి పాలీప్రొపిలీన్‌తో కలిపి చూడండి, అది వేడికి కరుగుతుంది కాబట్టి మళ్లీ అచ్చు పోయొచ్చు, కాకపోతే 200 డిగ్రీలు దాటనివ్వకండి, నార మాడిపోతుంది.