‘పీహెచ్‌డీ అయ్యాక’ అని ఇద్దరికీ చెప్పారు

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. మాది కాకినాడ దగ్గర ఒక పల్లెటూరు. నాలుగేళ్లుగా షార్జాలో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో మ్యాథ్స్ చెబుతున్నాను. రెండేళ్ల క్రితం మన రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీలో ఎడ్యుకేషన్‌లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి చేరాను. స్కూలు, నోట్‌బుక్కులు దిద్దడం, థీసిస్, ఆరు నెలలకోసారి కమిటీ ముందు ప్రెజెంటేషన్... ఊపిరాడటం లేదు. హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు పరిచయమైన ఒకతన్ని ఆరేళ్లుగా ప్రేమిస్తున్నాను. మావాళ్లు కాదు. ఇంట్లో చెప్పలేదు. నాన్న హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యారు, నా చదువంటే ప్రాణం. సంబంధాలు తెస్తుంటే పీహెచ్‌డీ అయ్యాక చూద్దామని ఆపుతున్నాను. డిసెంబర్‌లో ప్రెజెంటేషన్ ఆన్‌లైన్‌లోనే పెట్టారు. ఆ సెలవుల్లో తోటి టీచర్లతో నాలుగు రోజులు జార్జియా వెళ్లొచ్చాను. అప్పటినుంచి అతనితో గొడవ. ‘ఊళ్లు తిరగడానికి టైముంది, నాకు మాత్రం లేదు. ఉద్యోగం మానేసి వచ్చెయ్’ అంటున్నాడు. ఇది చాలదన్నట్టు తమ్ముడి ఎడ్యుకేషన్ లోన్ కూడా నేనే కడుతున్నాను. అన్నీ ఒకేసారి ఎలా చూసుకోవాలి? చదువు, ఉద్యోగం, ప్రయాణాలు... వీటిలో దేన్ని వదులుకోవాలి?
– ఒక సోదరి, షార్జా

జవాబు: అమ్మా, టైమ్ సంగతి ముందు తేల్చేద్దాం. మీరు అనుకుంటున్నంత పెద్ద సమస్య కాదది. షార్జాలో 2022 జనవరి నుంచి శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవే. స్కూళ్లు సోమవారం నుంచి గురువారం దాకానే. ఆ నాలుగు రోజులూ తెల్లవారకముందే లేచి బస్సెక్కి, సాయంత్రానికి ఒళ్లు హూనమై ఇంటికొస్తారని తెలుసు. నోట్‌బుక్కుల కట్టలు వెంట మోసుకొస్తారనీ తెలుసు. అయినా వారానికి మూడు రోజుల సెలవు మన ఊళ్లలో ఏ టీచరుకూ లేదు. శుక్రవారం థీసిస్‌కి ఇవ్వండి, ఆ రోజు నోట్‌బుక్కులు ముట్టుకోవద్దు. శనివారం దిద్దుకోండి. ఆదివారం మీది. పిల్లలు లెక్కల్లో పద సమస్యల దగ్గర ఎక్కడ తడబడతారన్నది మీ టాపిక్ అని మీ పూర్తి ఉత్తరంలో రాశారు. ఆ పిల్లలు రోజూ మీ ఎదురుగానే ఉన్నారు. స్కూలు నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటే డేటా కోసం ఎక్కడెక్కడో తిరగనక్కర్లేదు. టైమ్ గురించి నేను చెప్పేది ఇంతే.

దేన్ని వదులుకోవాలి అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పను. మీరు ఏది వదులుకున్నా మీ టెన్షన్ తగ్గదు కాబట్టి.

మీ ఉత్తరంలో ఒక మాట రెండు చోట్ల ఉంది. సంబంధం వచ్చిన ప్రతిసారీ నాన్నగారితో ‘పీహెచ్‌డీ అయ్యాక చూద్దాం నాన్నా’ అన్నారు. ఇంట్లో ఎప్పుడు చెబుతావని అతను అడిగిన ప్రతిసారీ ‘పీహెచ్‌డీ అయ్యాక నాన్నతో మాట్లాడతాను’ అన్నారు. ఒకే మాటతో ఇద్దరినీ ఆపారు. ఆ మాట రాస్తున్నప్పుడు మీకేమీ అనిపించలేదా? మీరు చదువుతున్న చదువు మంచిదే, ఇష్టంగానే చేరి ఉంటారు. కానీ ఇప్పుడది మీరు నోరు విప్పకుండా ఉండటానికి చాటుగా మారింది.

ఆ చాటు ఎన్నాళ్లు ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, రూల్సు మీ దగ్గరే ఉంటాయి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల గడువు. రీ-రిజిస్ట్రేషన్ చేసుకుంటే ఇంకో రెండేళ్లు. ఆడవాళ్లకు మరో రెండేళ్ల వెసులుబాటు. మొత్తం పదేళ్లు దాటకూడదు. ఉద్యోగం చేసుకుంటూ చదివే ఆడపిల్లలకు ఆ వెసులుబాటు ఎంతో అవసరం, కాదనను. కానీ మీరు ఇద్దరికీ ఇచ్చిన మాటకు అర్థం చూసుకోండి. ఇప్పటికి రెండేళ్లయింది. గడువంతా వాడుకుంటే మీకు 38 ఏళ్లు వస్తాయి. అప్పటిదాకా అతను ఆగడు. నాన్నగారు అసలే ఆగరు.

అసలు సమస్య మీకూ అతనికీ మధ్య లేదు. మీకూ నాన్నగారికీ మధ్య ఉంది.

మీరు పంపిన ఉత్తరం పెద్దది, ఇక్కడ కుదించి వేశాం. అందులో అతని గురించి రాసింది పట్టుమని పది లైన్లు లేవు. అందులోనూ సగం గొడవల గురించే. నాన్నగారి గురించి మాత్రం పేజీన్నర రాశారు. పదో తరగతిలో మీకు లెక్కలు చెప్పింది ఆయనే. బీఈడీలో చేర్పించడానికి కాకినాడ వెళ్లి రోజంతా క్యూలో నిలబడింది ఆయనే. మీ పీహెచ్‌డీ అడ్మిషన్ లెటర్ జిరాక్స్ తీయించి బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన పెట్టుకున్నారు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ‘ఏ చాప్టర్‌లో ఉన్నావు?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నిజం చెప్పలేక రెండు నెలలుగా ‘బాగా నడుస్తోంది నాన్నా’ అంటున్నారు. ఇది చదివాక నాకు మీ ప్రేమ కంటే ఈ ఆదివారం ఫోన్ గురించే ఎక్కువ బాధ కలిగింది. పెళ్లి విషయంలో మొదలైన దాపరికం ఇప్పుడు చదువులోకీ వచ్చింది. ఆయనతో మీరు హాయిగా మాట్లాడగలిగిన ఒక్క విషయం కూడా మిగల్లేదు.

ఆయన కొడతారనో, గదిలో పెట్టి తాళం వేస్తారనో మీకు భయం లేదు. ‘మాట్లాడటం మానేస్తారు’ అని రాశారు. మీ అత్త కూతురు తనకు నచ్చినవాణ్ని చేసుకుంటే, ఏళ్ల తరబడి ఆ గడప తొక్కలేదన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. తండ్రి మెప్పు మీద పెరిగిన ఆడపిల్లలకు ఆయన మౌనం కంటే పెద్ద శిక్ష లేదు. అయినా ఒక్క మాట అడుగుతాను. ఆయన తట్టుకోలేరని ఆయన తరఫున మీరే తీర్మానించేశారు కదా, అది ఆయనకు మర్యాదేనా? ముప్పై ఏళ్లకు పైగా ఊళ్లో పిల్లలకు చదువు చెప్పిన మనిషికి కూతురు ఒక్క నిజం చెప్పడానికి ఆరేళ్లుగా వెనకాడుతోంది.

ఆయన పరువు కాపాడుతున్నానని మీరు అనుకుంటున్నారు. ఏం జరుగుతోందో చూడండి. ఆయన బంధువుల ఇళ్లకు వెళ్తున్నారు. మీ ఫొటో, జాతకం ఇస్తున్నారు. అవతలివాళ్లు ‘సరే, మాట్లాడుకుందాం’ అన్నాక, ‘అమ్మాయి చదువు అయ్యాక’ అని వెనక్కి తీసుకుంటున్నారు. రెండు సంబంధాలు ఇలాగే పోయాయని మీరే రాశారు. నలుగురిలో మాట పడుతున్నది ఆయన. ఎందుకు పడుతున్నారో కూడా ఆయనకు తెలియదు. మీ ప్రేమ విషయం తెలిస్తే ఆయన క్షమిస్తారో లేదో నేను చెప్పలేను. కానీ తెలియకుండా ఆ ఇళ్ల చుట్టూ తిప్పారని తెలిస్తే మాత్రం అది మర్చిపోవడం కష్టం. కాబట్టి ఆ తిరుగుడు వెంటనే ఆపించాలి. వచ్చే ఆదివారం ఫోన్‌లోనే చెప్పండి: ‘నాన్నా, జూలైలో వచ్చాక మీతో కూర్చుని మాట్లాడాల్సింది ఉంది. అప్పటిదాకా సంబంధాలు చూడొద్దు.’ ఆయన హెడ్‌మాస్టర్, ఆ మాటతోనే సగం గ్రహిస్తారు. గ్రహించనివ్వండి.

మిగతా సగం ఎదురుగా చెప్పండి. ఫోన్‌లో వద్దు, మేనమామ చేతో మరొకరి చేతో వద్దు. అమ్మకు ముందురోజు రాత్రి చెప్పండి, ఆవిడకు తెలియకుండా ఆయన ముందుకు వెళ్లడం మన ఇళ్లలో పద్ధతి కాదు. సెలవులు అయిపోయి సూట్‌కేసు సర్దుకున్నాక, రేపు ఫ్లైట్ అనగా మాత్రం చెప్పకండి. చాలామంది పిల్లలు చేసేది అదే. చెప్పేసి పారిపోతే ఆయన కోపం, ఏడుపు అన్నీ అమ్మ ఒక్కతే భరించాలి. ఇంటికి వెళ్లిన మొదటి రెండు మూడు రోజుల్లోనే చెప్పి, తర్వాత అక్కడే ఉండండి. ఆయన అరిచినా ఉండండి, అన్నం తినకపోయినా ఉండండి. కమిటీ ప్రెజెంటేషన్ ఆగస్టులోకి మార్చమని మీ గైడ్‌ని ఇప్పుడే అడగండి. సెమిస్టర్‌కి ఒకసారి హాజరవ్వాలన్నదే రూలు, తేదీ విషయంలో గైడ్లు సాధారణంగా కాదనరు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ రోజు డబ్బు ప్రస్తావన మీ నోట రాకూడదు. ‘తమ్ముడి లోన్ నేనే కడుతున్నాను కదా’ అని ఒక్కసారి జారితే, ఇన్నేళ్లు మీరు ప్రేమతో పంపింది లంచంలా కనిపిస్తుంది. లోన్ సంగతి విడిగా తమ్ముడితోనే తేల్చుకోండి. అతనికి ఉద్యోగం వచ్చి ఏడాది దాటిందన్నారు. ఈ ఏడాది చివరి దాకా మీరు కడతానని చెప్పి, జనవరి నుంచి అతన్ని కట్టుకోమనండి. అక్కగా మీరు చేయాల్సినదానికంటే ఎక్కువే చేశారు.

ఇక అతని సంగతి. ఆరేళ్లు ఆగిన మనిషికి ఓపిక లేదని నేననను. షార్జాలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు. అందుకని బోటిమ్ యాప్‌లో మీకు రాత్రి తొమ్మిదిన్నరకి, అతనికి పదకొండింటికి మాట్లాడుకుంటున్నారు. మీరు నిద్రమత్తులో ‘ఊఁ’ అంటుంటే, అవతల అతను తన రోజంతా చెప్పుకుంటున్నాడు. మీరు ఇండియా వచ్చినా ఎయిర్‌పోర్టు నుంచి కాకినాడ బస్సెక్కే లోపు మూడు గంటలు, అదీ తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని చుట్టూ చూసుకుంటూ. షార్జా నుంచి హైదరాబాద్‌కి నాలుగు గంటల ప్రయాణం. మిమ్మల్ని విడదీస్తున్న దూరం అది కాదు, హైదరాబాద్‌కీ మీ ఊరికీ మధ్య ఉన్నది.

జార్జియా వెళ్లినందుకు అతనికి సారీ చెప్పనక్కర్లేదు. యూఏఈ రెసిడెన్సీ ఉన్నవాళ్లకు అక్కడికి వెళ్లడం తేలిక కాబట్టి షార్జాలోని టీచర్లు సెలవులు దొరికితే ఆ వైపు వెళ్తుంటారు. మీ కష్టార్జితంతో మీరు మంచు చూసొచ్చారు, తప్పేముంది? కానీ ఆ నాలుగు రోజులూ ‘మనసు తేలిగ్గా ఉంది’ అని రాశారు. ఎందుకు ఉండదు? అక్కడ ఎవరి నుంచీ ఏదీ దాచక్కర్లేదు. ఇండియా వచ్చే ప్రయాణం మీకు బరువు అవుతున్నదీ అందుకే. అంతేగానీ ప్రయాణాలు ఎక్కువై కాదు.

‘ఉద్యోగం మానేసి వచ్చెయ్’ అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. మీ అవసరాలు లెక్క చూసుకుని, ఇద్దరూ మాట్లాడుకుని మానితే వేరు. అలిగాడని మానడం వేరు. ఆ ఉద్యోగం మీ కాళ్ల మీద మీరు నిలబడ్డ చోటు. పైగా పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి మీ స్కూలు ఇచ్చిన ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కూడా ఆ ఉద్యోగాన్ని బట్టే ఉంది. పెళ్లి ఖాయమయ్యాక ఎవరు ఎక్కడికి మారాలో కూర్చుని మాట్లాడుకోండి. అతను షార్జా రావడం కూడా ఆ మాటల్లో ఉండాలి.

నాన్నగారు ఒప్పుకోకపోతే? మీరిద్దరూ మేజర్లు, కులం వేరన్నది హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం పెళ్లికి అడ్డం కాదు. చట్టం మీ వైపే ఉంది. అయినా రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర మొదలుపెట్టమని నేను చెప్పను, ముందు ఆయనకు టైమ్ ఇవ్వండి. ఎంతకాలమో ఆయనకే చెప్పండి. ‘డిసెంబర్‌లో మళ్లీ వస్తాను నాన్నా, అప్పుడు మీరేమన్నా వింటాను, కానీ నా నిర్ణయం మారదు’ అనండి. ఆయన మాట్లాడటం మానేసినా మీరు ఆదివారం ఫోన్ మానొద్దు. ఎత్తకపోతే అమ్మతో మాట్లాడండి. థీసిస్‌లో ఎక్కడున్నారో అమ్మకే చెప్పండి, ఉన్నది ఉన్నట్టు. ఆవిడ ద్వారా ఆయనకు చేరుతుంది.

చివరగా ఇంకోటి. ఇంత పెద్ద ఉత్తరంలో అతని అమ్మానాన్నల ప్రస్తావన ఒక్క చోట కూడా లేదు. వాళ్లకు మీ గురించి తెలుసా? అతను చెప్పాడా? ఈ రాత్రి ఫోన్‌లో ముందు ఆ మాట అడగండి. చెప్పకపోయి ఉంటే, జూలైలో మీరు మీ ఇంట్లో కూర్చునే రోజునే అతను వాళ్లింట్లో కూర్చోవాలి. కుదరదంటే, గొడవ జార్జియా గురించి కాకుండా దాని గురించే పెట్టుకోండి.