ఊలాంగ్ టీలో మాడు వాసన

ప్రశ్న: మా తమ్ముడు చైనా నుంచి ‘ద హాంగ్ పావ్’ అనే ఊలాంగ్ టీ తెచ్చాడు. పాలు, చక్కెర వేసి కాస్తే మాడు వాసన వచ్చింది. పాడైందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: పాడవలేదమ్మా. ఊలాంగ్ అంటే గ్రీన్ టీకీ, బ్లాక్ టీకీ మధ్య రకం. మీది ఫుజియన్ ప్రావిన్స్‌లోని వుయీ కొండల టీ. ఆకును బొగ్గుల సెగ మీద గంటల తరబడి నిదానంగా వేడి చేస్తారు. పాలు పోస్తే ఆ కష్టమంతా వృథా. 100 మి.లీ. పట్టే, మూత ఉన్న చిన్న గిన్నెలో 5 గ్రాముల ఆకు వేసి, మరిగే నీళ్లు పోసి, 15 సెకన్లలో వడకట్టండి. మన బోరు నీళ్లు మాత్రం వద్దు, టీ రుచి చప్పబడిపోతుంది; క్యాన్ నీళ్లు మేలు. తాగే ముందు గిన్నె మూత తీసి వాసన చూడండి, వేయించిన శెనక్కాయల్లా ఉంటుంది. గబగబా మింగొద్దు. మూడోసారి నీళ్లు పోసేసరికి సెగ వాసన తగ్గి పండ్ల పరిమళం తేలుతుంది. నాకు అదే ప్రాణం. మింగాక గొంతులో తీపి నిలుస్తుంది, కాసేపు ఆగండి. అదే ఆకు ఐదారుసార్లు వస్తుంది.