కుక్కపిల్లను వాయిదాల మీద కొనాలా?

ప్రశ్న: మాది విజయనగరం, కంటోన్మెంట్ ప్రాంతం. జీతం నెలకు 34,000 రూపాయలు. పిల్లాడు కుక్కపిల్ల కావాలని ఏడాదిగా పేచీ పెడుతున్నాడు. 40 రోజుల లాబ్రడార్ పిల్లను 15,000కు ఇస్తామంటున్నారు. క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద తీసుకుందామనుకుంటున్నాను. తిండికి నెలకు 2,500 అవుతుందట. కార్పొరేషన్ లైసెన్సు కూడా ఉండాలంటున్నారు. ఎవరూ అడగని దానికి ఆ ఫీజు దండగ కదా? అమ్మకు ఒక ఆవు ఉంది, పగలంతా బయట తిరిగి సాయంత్రానికి ఇంటికొస్తుంది. దానికీ ఏమైనా కట్టాలా?

జవాబు: మీరు లైసెన్సు ఫీజు దగ్గర ఆగిపోయారు గానీ, మీ ఉత్తరంలో పెద్ద అంకె ఆ 2,500. లాబ్రడార్ పది పన్నెండేళ్లు బతుకుతుంది. తిండికే ఏడాదికి 30,000, పదేళ్లకు 3 లక్షలు, అదీ ఇవాళ్టి ధరల్లో. మీ జీతంలో ఏడు శాతం పైమాటే. పిల్లాడి చదువుకని ఆర్‌డీ ఏదైనా కడుతుంటే, దాన్ని ఆపి మాత్రం కుక్కను తేకండి.

ఈఎంఐ అసలే వద్దు. పైగా 40 రోజుల పిల్లను అమ్మడమే తప్పు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేవాళ్లకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ కాగితం అడిగి చూడండి, ధర దానంతటదే దిగొచ్చినా ఆశ్చర్యం లేదు. దిగొచ్చినా కొనకండి. నన్నడిగితే వీధిలో పుట్టిన నాటు పిల్లను తెచ్చుకోండి. మన ఎండలకు తట్టుకుంటుంది, ఇంత అన్నం, గుడ్డు పెడితే తింటుంది. మా ఇంట్లో ఉన్నదీ అలాంటిదే, కాబట్టి ఈ మాటలో కాస్త పక్షపాతం ఉంది.

ఇక లైసెన్సు. ఫీజు ఊరిని బట్టి మారుతుంది, కార్పొరేషన్ ఆఫీసులో ప్రజారోగ్య విభాగంలో అడగండి. రేబిస్ టీకా కార్డు వెంట తీసుకెళ్లండి. ఎవరూ అడగరన్నారే, అది కుక్క కరవనంత కాలం. పక్కింటి పిల్లను కరిచిందా, అందరూ మొదట అడిగేది ఆ రెండు కాగితాలే. మీ నిర్లక్ష్యం రుజువైతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదంటే రెండూ. పాత ఐపీసీలో ఈ జరిమానా 1,000 దాటేది కాదు. కరిపించుకున్నవాళ్లకు ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితమే, కానీ మొదటి రోజు కాక 3, 7, 28 రోజులకు మళ్లీ మళ్లీ తిరగాలి. వాళ్లు కూలి పని చేసుకునేవాళ్లయితే ఆ పోయిన కూలి గురించి మీ గుమ్మం ముందే మాట్లాడతారు.

మీ కుక్కకు మూడో నెలలో రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా. జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం సందర్భంగా, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మాత్రం మీ ఖర్చే. కుక్కల సంతాన నియంత్రణ మీద కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల్లో వీధికుక్కల బాధ్యత కార్పొరేషన్‌కు, పెంపుడు వాటిది యజమానికి అప్పగించారు. ఆ ఆపరేషన్‌కీ, జబ్బులకీ కలిపి నెలకు 500 వేరే ఖాతాలో వేస్తూ ఉండండి. పెట్ ఇన్సూరెన్సు మీ జీతానికి ఇప్పుడే అక్కర్లేదు. తిండి, టీకాల ఖర్చు మామూలుగా అందులో రాదు.

అమ్మగారి ఆవు సంగతే నాకు ఎక్కువ టెన్షన్. రోడ్డు మీద తిరిగే ఆవును పట్టుకెళ్లి బందెలదొడ్డిలో కడితే, జరిమానాతో పాటు అక్కడ ఉన్నన్నాళ్ల మేత ఖర్చూ మీరే కట్టాలి. ఆ రోజుల పాల డబ్బులు కూడా పోయినట్టే. రాత్రిపూట ఏ బైకో దాన్ని గుద్దుకుంటే ఇంకో గొడవ. కుక్క మీద పెడదామనుకున్న ఆ 15,000తో ముందు పెరట్లో నీడకు నాలుగు రేకులు వేయించి, గడ్డికి ఏర్పాటు చేయండి. పశువుల బీమా గురించి పశువైద్యశాలలో అడగండి, ప్రీమియంలో చాలా భాగం ప్రభుత్వమే భరిస్తుంది. కుక్కపిల్ల సంగతి వచ్చే ఏడాది పిల్లాడి పుట్టినరోజుకు చూద్దాం.