రేడియేషన్ అయ్యాక పెట్ స్కాన్‌కి 3 నెలలు ఆగమంటున్నారు, ఆగాల్సిందేనా?

ఆగండి. మేం ఆగక చెడ్డాం కాబట్టి చెబుతున్నా.

మాది శ్రీకాకుళం వైపు. మా నాన్నకి నాలుక మొదట్లో క్యాన్సర్, మెడలో నిమ్మకాయంత గడ్డ. చుట్ట మానమంటే "మా అమ్మ అడ్డపొగ తాగి ఎనభయ్యేళ్లు బతికింది" అనేవాడు. అడ్డపొగ అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. ఆ వాదనకి మందు లేదు లెండి. 35 సిట్టింగుల రేడియేషన్, దాంతోపాటు కీమో అయ్యాయి. 12 వారాలు పోయాక పెట్ స్కాన్ తీద్దామన్నారు డాక్టరు గారు. మెడ తడిమితే ఇంకా గట్టిగానే తగులుతోంది, మాకు ఓపికేదీ? డాక్టరు గారికి చెప్పకుండా, పాత చీటీ పట్టుకుని నాన్నని ఆరో వారంలోనే వైజాగ్‌లో వేరే సెంటర్‌కి తీసుకెళ్లిపోయాను. రేడియేషన్ ఎప్పుడైందని అక్కడ ఒక్కరూ అడగలేదు. డబ్బు కట్టారా అని మాత్రం మూడుసార్లు అడిగారు.

ఇంజెక్షన్ ఇచ్చి గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోమన్నారు. నాన్న మాట్లాడకుండానా! పక్క కుర్చీ ఆయనది టెక్కలి అని తెలిసింది, ఇంకేముంది. బొంగురు గొంతుతోనే చుట్టరికం తేల్చేదాకా వదల్లేదు. "తాతా, నోరు మూసుకో" అని సిస్టరు రెండుసార్లు వచ్చి కసిరింది. ఆ మందు చక్కెర లాంటిదే, దానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి ఉంటుంది. ఎక్కడ ఎక్కువ చక్కెర లాక్కుంటే అక్కడ వెలుగుతుంది. వాగితే గొంతు కండరాలు కూడా లాక్కుంటాయి.

రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో రిపోర్ట్ వచ్చింది. స్వరపేటిక దగ్గర ఒక వెలుగు, మెడలో ఇంకోటి, "వ్యాధి మిగిలి ఉండొచ్చు" అని. అమ్మ ఏడుపు. మా బావ అప్పటికప్పుడు హైదరాబాద్‌కి ఫోన్లు. రోగి చేతికి అలా రిపోర్ట్ పడేసి ఊరుకోవడమేంటో నాకైతే అర్థం కాదు.

మర్నాడు డాక్టరు గారి చేత చీవాట్లు. "రేడియేషన్‌కి కాలిన చోట వాపుంటుంది, ఆ వాపూ చక్కెర తింటుంది. టీబీ గడ్డా వెలుగుతుంది, పుచ్చిన పన్నూ వెలుగుతుంది" అన్నారు. బ్రిటన్‌లో 564 మందితో చేసిన పెట్-నెక్ అనే పరిశోధన 2016లో వచ్చిందట. 12 వారాలకి స్కాన్ తీసి, అవసరమైన వాళ్లకే మెడ ఆపరేషన్ చేస్తే, అందరికీ చేసినదానికంటే బతుకు తగ్గలేదు. నూటికి ఎనభై ఆపరేషన్లు తప్పాయి. నన్నడిగితే ఈ ముక్క ప్రతి క్యాన్సర్ ఆసుపత్రి గోడ మీదా రాయాలి.

పదమూడో వారంలో మళ్లీ తీయించాం. మెడ శుభ్రం, కత్తి తప్పింది. మీరు వెళ్లేటప్పుడు రేడియేషన్ ఆఖరి తేదీ చీటీ మీద రాయించండి, షుగరుంటే మాత్రల సంగతి ముందే అడగండి. దుప్పటి కూడా పట్టుకెళ్లండి, ఆ ఏసీ చలికి మెడలో కొవ్వు కూడా వెలుగుతుంది.

ఆ రెండోసారి నాన్న నోటికి కండువా కట్టుకుని కూర్చున్నాడు, టెక్కలి ఆయన మళ్లీ తగులుతాడేమోనని.