థర్మామీటరు పెట్టుకున్న భూగోళం

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. రాబోయే రోజుల వాతావరణాన్ని పిల్లలు బొమ్మల్లో ఎలా ఊహించుకుంటున్నారన్నదే ఆ విషయం. మూడింటికీ వరసగా జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: కాకినాడ జిల్లాలో తీరానికి దగ్గరగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారిని. ‘2050లో మన భూమి’ అని పోటీ పెడితే 56 బొమ్మలు వచ్చాయి. నలభైకి పైగా బొమ్మల్లో ఒకటే భూగోళం: నోట్లో థర్మామీటరు, నుదుటి మీద చెమట, ఒక సగం పచ్చగా, రెండో సగం బీటలు వారి. ఉప్పాడ వైపు నుంచి వచ్చే ఏడో తరగతి పిల్లవాడు మాత్రం సగం కూలిన ఇల్లు, సముద్రంలో నిలబడిన కరెంటు స్తంభం గీసి ఇచ్చాడు. స్తంభానికి తీగలు లేవు. భూగోళమూ లేదు, 2050 అన్న అంకె కూడా లేదు. అంశానికి సంబంధం లేదని తోటి న్యాయనిర్ణేతలు పక్కన పెట్టేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, నన్నడిగితే మొదటి బహుమతి ఆ పిల్లవాడికే. తక్కిన నలభై మందిని మాత్రం కోప్పడకండి. గోడపత్రికల మీదా, పర్యావరణ దినోత్సవం ఫ్లెక్సీల మీదా ఏళ్ల తరబడి పెద్దవాళ్లం వేసి చూపించిన బొమ్మనే వాళ్లు బుద్ధిగా వంటబట్టించుకుని తిరిగి మనకే ఒప్పజెప్పారు. అందులో ఊరు లేదు, మనిషి లేడు, అందుకే చూసినవాళ్లకు భయమూ కలగదు, ఆశా కలగదు. స్తంభం గీసిన పిల్లవాడు తన కళ్లతో చూసినదాన్ని గీశాడు. తీగలను గుర్తుపెట్టుకుని మరీ వదిలేశాడంటే, కరెంటువాళ్లు వచ్చి వాటిని విప్పుకుపోయిన రోజున వాడు అక్కడే నిలబడి ఉంటాడని నా అనుమానం.

అయితే ఆ బొమ్మ కింద ‘వాతావరణ మార్పు’ అని రాసేసి గోడకు తగిలించకండి. ఉప్పాడ తీరం కోతకు కారణాలు చాలా ఉన్నాయి. గోదావరి మీది ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోయి సముద్రానికి చేరే మట్టి తగ్గింది. కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ ఉత్తరానికి పెరుగుతూ కెరటాల తీరును మార్చింది. ఓడరేవు కట్టడాలు ఒడ్డు వెంట ఇసుక నడకకు అడ్డుపడ్డాయి. వీటికి తోడు సముద్ర మట్టమూ పెరుగుతోంది. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటున అది సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్య సమితి ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం ఐపీసీసీ తేల్చింది. అంటే మీ టేబులు మీది అడుగు స్కేలులో మూడింట రెండు వంతులు. అది చూసి ‘ఇంతేనా సార్’ అనే పిల్లవాడు తప్పకుండా ఉంటాడు. వాడికోసం ఒక పళ్లెంలో ఇసుక వాలుగా పోసి, నిలువున కాస్త పెరిగిన నీరు చదునైన ఒడ్డు మీద అడ్డంగా ఎంత దూరం పాకుతుందో చూపించండి. కారణాలు తెలిస్తే బొమ్మలోని అందం చెడుతుందని కొందరు కళాభిమానులు అంటారు గానీ, నేను ఒప్పుకోను.

వచ్చే ఏడాది పోటీకి ముందు ఒక ఆదివారం పిల్లలను వాళ్ల నాయనమ్మల దగ్గర కూర్చోబెట్టండి. ‘నీ పెళ్లినాటికి ఒడ్డు ఎక్కడుండేది, గుమ్మం దిగి ఎంత దూరం నడిస్తే నీళ్లు తగిలేవి’ అని అడిగి రాసుకురమ్మనండి. తరువాత మూడు బొమ్మలు వేయించండి: నాయనమ్మ పెళ్లినాటి ఒడ్డు, ఇప్పటి ఒడ్డు, 2050 నాటి ఒడ్డు. మూడో బొమ్మకు ఒకటే నిబంధన పెట్టండి: గీసినవాడు అందులో ఉండాలి. ఇప్పుడు పన్నెండేళ్లున్న పిల్లవాడు అప్పటికి నలభైకి దగ్గర పడతాడు. ఏ ఇంట్లో ఉంటాడు, వేటకు వెళతాడా, వెళితే పడవ ఎక్కడ కట్టేస్తాడు అన్నవి తేల్చుకోకుండా వాడు పెన్సిలు కదపలేడు. ఎవరైనా ఒడ్డున మడచెట్లు నాటినట్టు గీస్తే ఆ పిల్లలను కోరింగ మడ అడవి దాకా తీసుకెళ్లి, వేళ్లు బురదను ఎలా పట్టి ఉంచుతాయో చూపించండి.

మూడు కాలాలను ఒక వరసలో చెప్పే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల రంగు మీద కథను గడులు గడులుగా గీస్తారు. కథకుడు పాడుతూ పటాన్ని విప్పుతుంటే తరాలు ఒకదాని తరువాత ఒకటి కిందికి దిగివస్తాయి. మీ పిల్లలు చార్టులు అతికించి అలాంటి పటం చేయగలరు. చివరి గడి ఖాళీగా వదిలేస్తామంటే వదలనివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటాం. నోటుపుస్తకం నిండా మునిగిపోయిన చార్మినార్, ఎండిన చెట్లు, గ్యాస్ మాస్కులు. ఆ బొమ్మలు మాన్పించాలా?

జవాబు: మాన్పించకండమ్మా. ఆ భయం మీ అమ్మాయి ఒక్కదానిదే కాదు. 2021లో భారత్‌తో సహా పది దేశాల్లో 16–25 ఏళ్ల వయసున్న 10,000 మందిని అడిగితే, నాలుగింట మూడు వంతుల మంది భవిష్యత్తు భయపెడుతోందని చెప్పారు. బొమ్మ వేసే పిల్ల ఆ భయాన్ని కనీసం కాగితం మీదికి తెచ్చుకుంటోంది. నిద్ర, తిండి, చదువు చెడుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఒక చిన్న దిద్దుబాటు. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. చార్మినార్ దాకా సముద్రం రాదు. మూసీ మాత్రం వచ్చింది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో వేల మంది కొట్టుకుపోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. భూమి వేడెక్కే కొద్దీ గాలి ఎక్కువ తేమను మోస్తుంది గనుక కుండపోత వానలు ఇంకా ఉధృతమవుతాయి. 2020 అక్టోబరులో నగరం ఎలా మునిగిందో మీ అమ్మాయికి గుర్తుండే ఉంటుంది. ఒక సాయంత్రం ఆ చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లి చూపించండి. వచ్చే వరదలో జనం ఏది ఎక్కుతారో గీయమని అడగండి.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. ఏఐకి నాలుగు ముక్కలు చెబితే 2070 నాటి భూమిని క్షణంలో వేసి ఇస్తోంది. పోటీలకు అదే పంపితే తప్పా? అయినా బొమ్మలతో ఏమవుతుంది సార్?

జవాబు: నేనూ ఓసారి ‘2070లో గోదావరి లంక గ్రామం’ అని అడిగి చూశాను. కొబ్బరిచెట్ల వెనుక కొండలు మొలిచాయి, ఇళ్లు ఏ దేశానివో తెలియలేదు, పడవ నడిపేవాడికి చేతికి ఆరు వేళ్లు. నిబంధనలు ఒప్పుకుంటే పంపండి, ఏఐతో వేసిందని పైన రాయండి. న్యాయనిర్ణేతగా నేనుంటే మీకు మార్కులు పడవు.

బొమ్మలతో ఏమవుతుందన్న మీ రెండో ప్రశ్నకు ఒక బొమ్మ పేరు చెబుతాను. ఇంగ్లండ్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాతావరణ శాస్త్రజ్ఞుడు ఎడ్ హాకిన్స్ 2018లో వేసిన వేడి చారలు. ఏడాదికొక నిలువు చార, చల్లని ఏడాది నీలం, వేడి ఏడాది ఎరుపు. అక్షరం లేదు, అంకె లేదు. ఎడమ నుంచి కుడికి చూపు కదిలిస్తే చాలు, నీలం పోయి ఎరుపు ముదురుతుంది. తరువాత అవి మెడకు కట్టుకునే టైల మీదికి, ఇళ్ల గోడల మీదికి ఎక్కాయి. వాటిని ఉప్పాడ జాందానీ చీర అంచులోకి దించగల నేతకుర్రాడు ఎవరైనా ఈ శీర్షిక చదువుతుంటే, నమూనా ఫొటో పంపితే తప్పక ప్రచురిస్తాం.